కక్కు, డోకు, వాంతి: మాట పుట్టుకను పట్టుకునే పద్ధతి

తిన్నది కడుపులో నిలవకుండా బయటికొస్తే గోదావరి డెల్టాలో దానికి ఒక్క మాట లేదు. ఆసుపత్రి చీటీ మీద వాంతి అని రాస్తారు. పసిబిడ్డ పాలు కక్కుతుంది. బస్సెక్కితే డోకొస్తుంది. పాత పుస్తకాల్లో ఓకరింత కనిపిస్తుంది. కాలేజీ పిల్లలు వామిటింగ్ అంటారు. చాలా నిఘంటువులు వీటిని ఒకదానికొకటి అర్థంగా ఇచ్చేసి ఊరుకుంటాయి. నిజానికి వీటి అర్థాలూ ఒకటి కావు, పుట్టిళ్ళూ ఒకటి కావు. ఇలాంటి మాట చేతికి వచ్చినప్పుడు అర్థం ఎలా తేల్చాలో, పుట్టుక ఎలా రుజువు చేయాలో ఇక్కడ వివరిస్తున్నాం. ఊరి మాటలు సేకరించే ఉపాధ్యాయులకూ, తెలుగు ఎం.ఏ. విద్యార్థులకూ, అనువాదకులకూ, రోగి చెప్పింది చెప్పినట్టు రాసుకోవలసిన ఆరోగ్య కార్యకర్తలకూ ఇది పనికొస్తుంది.

అసహ్యమైన మాట కదా, దీనికింత శ్రమ దేనికని కొందరు అడుగుతారు. ఒంటికి సంబంధించిన మాటలు భాషలో చాలాకాలం నిలుస్తాయి. వాటిని దిద్దడానికి ఎవరూ పూనుకోరు. పుస్తకాలకు ఎక్కకపోయినా ఇళ్ళలో బతుకుతాయి. పైగా ఈ ఒక్క గుంపులోనే సంస్కృతం నుంచి వచ్చిన మాట, ద్రావిడ వంశపు మాట, ఇంగ్లీషు నుంచి దిగినది మూడూ ఉన్నాయి. పద్ధతి నేర్చుకోవడానికి ఇంత అనువైన గుంపు మరొకటి దొరకడం కష్టం.

అర్థం ముందు, పుట్టుక తరవాత

ఈ రెండు ప్రశ్నలనూ కలిపేస్తే మొదట్లోనే దారి తప్పుతాం. ఒక మాట ఇవాళ ఏ అర్థంలో నడుస్తోందో ఊళ్ళో వినాలి. అది ఎక్కడ పుట్టిందో పుస్తకాల్లోనూ పొరుగు భాషల్లోనూ వెతకాలి. పుట్టుక చూసి అర్థం ఊహించకూడదు, అర్థం చూసి పుట్టుక అల్లకూడదు.

ఊళ్ళో వినడానికి కనీసం 6 ఊళ్ళు ఎంచుకోండి. గౌతమికి తూర్పున రామచంద్రపురం, మండపేట వైపు 2, నడిమి కోనసీమలో 2, వశిష్ఠకు పడమట నరసాపురం, పాలకొల్లు వైపు 2. కోనసీమ రెండింటిలో ఒకటి లంక గ్రామమైతే మంచిది. ఏరు అడ్డుంటే మాట మారుతుందని ముందే అనుకోవద్దు. రోజూ పంటు మీద దాటే జనం మాటల్నీ దాటిస్తారు. అయినా రెండు ఒడ్డులా వింటేనే ఆ సంగతి తెలుస్తుంది. ఊరికి నలుగురు చాలు: అరవై దాటిన ఆడమనిషి ఒకరు, అరవై దాటిన మగమనిషి ఒకరు, నడివయసు వారొకరు, ఇరవై లోపు వారొకరు. పసిపిల్లల్ని పెంచిన ఆడవాళ్ళ దగ్గర ఈ గుంపు మాటలు ఎక్కువ దొరుకుతాయి, కాబట్టి నడివయసు మనిషిగా కూడా వీలైతే తల్లినే ఎంచుకోండి. భోజనాల వేళ వెళ్ళకండి. మర్యాద ఒక కారణం. ఆ వేళ ఎవరైనా మోటు మాట మింగేసి మర్యాద మాటే చెబుతారన్నది రెండో కారణం.

అడిగే తీరులోనే సగం పని ఉంది. “మీరు వాంతిని ఏమంటారు?” అని అడిగారంటే ఆ ప్రశ్న పాడైనట్టే. ఎదుటివారు మీ మాటే తిరిగి చెబుతారు, లేదా చదువుకున్నవాళ్ళు వచ్చారని పుస్తకం మాట వెతుకుతారు. సందర్భం చెప్పి, మాట దగ్గర ఆగండి. పసిబిడ్డ పాలు తాగిన వెంటనే పెదవి చివర కాస్త కారిస్తే ఏమంటారు? అదే బిడ్డ దూరంగా పడేలా ఎగజిమ్మితే? కుక్క గడ్డి మేసి బయటికి తెస్తే? గేదె మేత మళ్ళీ నోట్లోకి తెచ్చుకుని నమిలితే? మారేడుమిల్లి ఘాట్‌లో బస్సు మలుపులు తిరుగుతుంటే లోపల ఎలా ఉంటుంది, తట్టుకోలేకపోతే ఏమవుతుంది? నెల తప్పిన అమ్మాయికి పొద్దున్నే ఏమవుతుంది? తాగొచ్చినవాడు అరుగు మీద ఏం చేశాడు? గొంతు లాగేస్తోంది గానీ ఏమీ బయటికి రావడం లేదు, దాన్నేమంటారు? ఈ ఎనిమిది ప్రశ్నలకూ అరగంట సరిపోతుంది. గేదె ప్రశ్న హద్దు తెలుసుకోవడానికి పెట్టింది. దానికి నెమరు అనే జవాబు వస్తుంది. నోటి దాకా తిరిగి వచ్చినదల్లా కక్కు కాదని దాంతో తేలుతుంది.

విన్నది విన్నట్టు రాయండి. “డోకొచ్చేత్తందండి” అంటే అలాగే రాయాలి, ‘డోకు వచ్చేస్తోందండి’ అని దిద్దకూడదు. “పాలు కక్కేసేడండి” అంటే ‘కక్కేశాడండి’ కాదు. ‘స్త’ చోట ‘త్త’, ‘-ఆడు’ చోట ‘-ఏడు’ ఈ ప్రాంతపు పలుకులో గుర్తులు. వాటిని చెరిపేస్తే చీటీ ఏ ఊరిదో తెలియకుండా పోతుంది. ఒక మాటకు ఒక చీటీ పెట్టి, దాని మీద మాట, చెప్పిన వాక్యం పూర్తిగా, సందర్భం, ఊరు, మండలం, తేదీ, చెప్పినవారి వయసు, ఆడా మగా రాయండి. పేరు అక్కర్లేదు. జిల్లా పేరు ఒక్కటే రాసి వదిలేయకండి. 2022లో జిల్లాలు మారాయి, పాత చీటీల్లో ‘తూర్పు గోదావరి’ అన్నది ఇవాళ మూడు నాలుగు జిల్లాల్లో ఎక్కడైనా కావచ్చు. మండలం రాసి ఉంటే ఆ చిక్కు ఉండదు. ఫోన్‌లో రికార్డు చేస్తే అనుమతి అడిగి, ఫ్యాను ఆపించి, ఫోను మూరెడు దూరంలో పెట్టండి. డ, ఢ తేడా, హ్రస్వ దీర్ఘాల తేడా ఫ్యాను చప్పుడులో కలిసిపోతాయి.

ఒక్కో మాటకూ నడిమి అర్థం

చీటీలు పోగయ్యాక ఒకే వాక్యంలో మాటలు మార్చి చూడటం మంచి పరీక్ష. “కొండ నిప్పులు —” అన్న చోట కక్కింది మాత్రమే కూర్చుంటుంది. కొండ నిప్పులు వాంతి చేసుకుందని ఎవరూ అనరు. “తిన్న లంచమంతా —” అన్న చోట కక్కించారు తప్ప మరేదీ కుదరదు. విషం కక్కడం, నిజం కక్కించడం, నురగలు కక్కడం, నెత్తురు కక్కుకోవడం అన్నీ దీని సొంతమే. “వాడి మాటలు వింటే — వస్తుంది” అన్న చోట డోకు చక్కగా అతుకుతుంది, వాంతి కూడా ఒప్పుతుంది. “ఆసుపత్రిలో రాత్రంతా నాలుగు —” అంటే వాంతులు.

ఇలా ఎందుకు విడిపోయాయో చెప్పడానికి ‘మింగలేక కక్కలేక’ అన్న నుడికారం ఒక్కటి చాలు. కక్కుకు ఎదురు మాట మింగు. అంటే మింగినదాన్ని బయటికి తీయడమే దాని నడిమి అర్థం. అందులో జబ్బు ఊసే లేదు. అందుకే మింగిన లంచానికీ, కడుపులో దాచిన నిజానికీ, కొండ కడుపులోని నిప్పుకూ అది ఇట్టే సరిపోతుంది. వాంతి జబ్బుకు పేరు. దాన్ని లెక్కపెడతాం, రోగికి అయిందంటాం, ఆపడానికి మందు వేస్తాం. డోకు ఒంటికి తెలిసే తోపుడు. బయటికి రాకముందు ఉండే ఆ తోపుడుకీ చెల్లుతుంది, ‘డోక్కున్నాడు’ అంటే పని జరిగిపోయినదానికీ చెల్లుతుంది. అందుకే చీటీ మీద ‘డోకు’ అని ఒక్క మాట రాసి వదిలేయకూడదు. వచ్చిందా, వస్తున్నట్టుందా అన్నది వాక్యంలోనే ఉంటుంది. ఏమీ రాకుండా గొంతు మాత్రం లాగితే ఓకరింత. దానికీ ముందు మెట్టు వికారం, కడుపులో తిప్పడం, కడుపులో దేవినట్టుండడం. చూలాలికి పొద్దున్నే వచ్చేది వేవిళ్ళు, అది వేరే ఖాతా.

మర్యాద సంగతి కూడా రాయాలి. పసిబిడ్డకూ పిల్లికీ కుక్కకూ కక్కు సహజమైన మాట. పెద్దమనిషికి వాడితే మోటు, తాగినవాడికి వాడితే ఈసడింపు. “నాన్నగారు కక్కేరు” అని ఏ ఇంట్లోనూ అనరు, “నాన్నగారికి వాంతయ్యిందండి” అంటారు. ఇక్కడ క్రియ కూడా మారింది చూడండి. కక్కడం మనిషి చేసే పని. వాంతి మనిషికి అయ్యేది. నిందంతా ఆ తేడాతో తీసేస్తున్నారు.

ఆరోగ్య కార్యకర్తలు ఇక్కడ కాసేపు నిలబడాలి. “బిడ్డ కక్కుతున్నాడండి” అని తల్లి అంటే దాన్ని వెంటనే ‘వాంతులు’ అని రాసేస్తే రెండు వేర్వేరు సంగతులు ఒకటైపోతాయి. పాలు తాగాక పెదవి చివర కొంచెం కారడం చాలామంది పసిపిల్లల్లో ఉండేదే, బరువు పెరుగుతుంటే కంగారు లేదు. తాగిన ప్రతిసారీ దూరంగా ఎగజిమ్ముతుంటే అది డాక్టరు చూడవలసినది. కాబట్టి కారిందా జిమ్మిందా, ఎంత, రోజుకు ఎన్నిసార్లు, ఏ రంగు అని అడిగి రాయండి. ‘పసరు’ అన్న మాట వినబడితే అసలు వదలకండి. నవజాత శిశువుకు ఆకుపచ్చగా వస్తే పేగు అడ్డుపడి ఉండవచ్చు, ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పెద్దవాళ్ళలో నెత్తురు గానీ కాఫీ పొడిలాంటి నలుపు గానీ కనిపించినా అంతే.

నిఘంటువులో దొరకకపోవడానికి కారణాలు

మాట నిఘంటువులో లేదని చెప్పేవారిలో చాలామంది తప్పు చోట వెతికి ఉంటారు. వాంతులు అని విని ‘వాంతు’ కోసం చూస్తే దొరకదు. ఇకారం చివరనున్న నామవాచకాలు బహువచనంలో ఉకారానికి మారతాయి: గది గదులు, బావి బావులు, వాంతి వాంతులు. ఏకవచనం కట్టుకుని వెతకాలి. క్రియ అయితే కక్కడం, కక్కింది కాదు, ‘కక్కు’ దగ్గర చూడాలి. పాత నిఘంటువుల్లో అరసున్న ఉన్న రూపం, లేని రూపం రెండూ చూడండి. క్రావడి (ర ఒత్తు) కూడా అంతే: వాడుకలో కక్కు, గ్రాంథికంలో క్రక్కు, సమాసంలో వెడలఁగ్రక్కు. అచ్చు పుస్తకమైతే సున్న అక్షరాన్ని ఏ వరసలో పెట్టారో ముందు ‘అంకె’ చూసి తెలుసుకోండి, ఒక్కో నిఘంటువుది ఒక్కో తీరు.

ఏ పుస్తకం దేనికి? మాటను జనం ఎలా వాడేవారో తెలియాలంటే సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు. అది 1852లో వచ్చింది. బ్రౌన్ రాజమండ్రిలోనూ మచిలీపట్నంలోనూ ఉద్యోగం చేసినవాడు కాబట్టి కోస్తా వాడుక అతనికి బాగా తెలుసు. 1903లో దాన్ని సవరించి మళ్ళీ వేశారు. మీరు చూస్తున్నది ఏదో చీటీ మీద రాయండి, రెండింటినీ ఒకటిగా చెప్పకండి. మాట సంస్కృతమా దేశ్యమా అని ఒక్క అక్షరంలో తెలియాలంటే బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం, 1885. అందులో మాట పక్కన ‘సం.’ అంటే సంస్కృతం, ‘దే.’ అంటే దేశ్యం, ‘వై.’ అంటే సంస్కృత ప్రాకృతాల నుంచి రూపం మారి వచ్చినది. కవుల ప్రయోగాలు కావాలంటే సూర్యరాయాంధ్ర నిఘంటువు. పిఠాపురం మహారాజు పోషణలో, జయంతి రామయ్య పంతులు పూనికతో తయారైంది, తొలి సంపుటం 1936లో వచ్చింది. వీటిలో చాలా వాటిని ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఒక్క వెతుకులాటలో చూడవచ్చు. అచ్చు ప్రతులే కావాలంటే రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలాంటి పాత గ్రంథాలయాలకు వెళ్ళండి. తెరమీద కనిపించే దాంట్లో టైపు తప్పులుంటాయి, పుట్టుకకు సంబంధించిన ఏ సంగతైనా అచ్చు పుటతో సరిచూసుకోవాలి.

సంస్కృతం దారి: వాంతి

శబ్దరత్నాకరంలో ‘సం.’ అని కనిపిస్తే తరవాతి పని ధాతువు, అంటే మాటకు మూలమైన క్రియను పట్టుకోవడం. వాంతికి ధాతువు ‘వమ్’. పాణినీయుల ధాతుపాఠంలో, అంటే ధాతువుల పట్టికలో, ఇది ‘టువమ ఉద్గిరణే’ అని ఉంది. ‘మింగు’ అనే అర్థమున్న గౄ ధాతువుకు ‘ఉద్’ చేర్చి, మింగినదాన్ని పైకి తీయడం అనే అర్థంలో ఉద్గిరణం అన్నారు. మన కక్కు-మింగు జంటలోని ఆలోచనే అక్కడా ఉంది. రెండు వేరు వంశాల భాషలు ఈ పనిని ఒకే విధంగా చూశాయి, అంతమాత్రాన మాటలు చుట్టాలు కావు.

‘వమ్’కు ‘తి’ చేరిస్తే వంతి కావాలి కదా, వాంతి ఎందుకైంది? ఇది తేల్చకుండా ముందుకు వెళ్ళకూడదు. అక్షరం మారితే దానికి సూత్రం చూపాలి. మకారాంత ధాతువుకు ఈ ‘తి’ తగిలినప్పుడు లోపలి అచ్చు దీర్ఘమవుతుంది: శమ్ శాంతి, భ్రమ్ భ్రాంతి, క్రమ్ క్రాంతి, శ్రమ్ శ్రాంతి, కమ్ కాంతి. అదే వరసలో వమ్ వాంతి. గమ్, రమ్, నమ్ మాత్రం ఈ వరసలో నిలవవు. అవి మకారం పోగొట్టుకుని గతి, రతి, నతి అవుతాయి. పాణిని వాటికి విడిగా సూత్రం చెప్పాడు. ఈ రెండు వరసలూ ఎదురుగా పెట్టుకుంటే వాంతి నియమంగా పుట్టిన మాట అని రుజువైనట్టే.

ధాతువు ముందున్న ‘టు’ ఊరికే లేదు. ఆ గుర్తున్న ధాతువులకు ‘అథు’ ప్రత్యయం వస్తుంది: వేప్ నుంచి వేపథు అంటే వణుకు, శ్వి నుంచి శ్వయథు అంటే వాపు, వమ్ నుంచి వమథు. అమరకోశం వాంతికి ప్రచ్ఛర్దిక, వమి, వమథు అనే మూడు మాటలు ఇచ్చింది. అదే అమరకోశం మరోచోట వమథువు అంటే ఏనుగు తొండంతో చిమ్మే నీటి తుంపర అంది. జబ్బుతో సంబంధం లేని ఈ వాడుక చాలా విలువైనది. ధాతువు అసలు అర్థం లోపలిదాన్ని బయటికి చిమ్మడమని చెప్పడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం ఉండదు. వైద్య గ్రంథాల్లో జబ్బుకు పేరు ఛర్ది, దానిలో ఐదు రకాలు. వమనం అన్నది మందిచ్చి కావాలని చేయించే చికిత్స, పంచకర్మల్లో ఒకటి. ఆయుర్వేద పుస్తకం అనువదించేవారు ఈ రెంటినీ ‘వాంతి’ అని రాసేస్తే జబ్బూ మందూ ఒకటైపోతాయి.

ఇక వామిటింగ్. ఇది ఇంగ్లీషు నుంచి నిన్న మొన్న వచ్చిన అరువు మాట. కానీ ఆ ఇంగ్లీషు మాటకు మూలమైన లాటిన్ ‘వొమెరె’, సంస్కృతం ‘వమ్’ ఒకే ఇండో-యూరోపియన్ ధాతువు పిల్లలు. ఇక్కడ ‘లాటిన్‌కు సంస్కృతమే తల్లి’ అని రాసేవాళ్ళూ ఉన్నారు, ‘కాకతాళీయం’ అని కొట్టిపారేసేవాళ్ళూ ఉన్నారు. రెండూ తప్పే. ఒక్క మాట పోలికతో చుట్టరికం తేలదు, వరస కావాలి. సంస్కృతంలో వకారం ఉన్నచోట లాటిన్‌లో కూడా వకారం: వాక్-వోక్స్, వహ్-వెహెరె. సంస్కృతం అకారం చోట లాటిన్‌లో కొన్నిసార్లు ఒకారం: అష్ట-ఒక్తో, దమ-దొముస్ (ఈ చివరి రెండూ ఇల్లే). ఈ రెండు వరసలూ వమ్-వొమెరె జంటలో కుదురుతున్నాయి. అక్కచెల్లెళ్ళన్న మాట. ఒకరి నుంచి మరొకరు పుట్టలేదు.

ద్రావిడం దారి: కక్కు, ఓకరించు

‘దే.’ అని కనిపిస్తే సంస్కృత నిఘంటువు మూసేసి, బర్రో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు తెరవాలి. మొదటి కూర్పు 1961, రెండోది 1984. రెండోదే వాడండి. చికాగో విశ్వవిద్యాలయం దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టింది. మాటను రోమన్ లిపిలో వెతకాలి, దీర్ఘానికి పైన గీత, ట-డ-ళలకు కింద చుక్క ఉంటాయి. దొరకకపోతే గుర్తులు తీసేసి వెతకండి.

కక్కుకు తమిళంలో కక్కు, కన్నడంలో కక్కు ఉన్నాయి, అదే అర్థం. మూడు భాషల్లో ఒకేలా ఉండటం చూసి అరువేమో అనిపించవచ్చు. అచ్చులు చూడండి. కకారం తరవాత ఇ, ఎ ఉంటే తమిళ తెలుగుల్లో సాధారణంగా చకారమవుతుంది: కన్నడం కివి, తెలుగు చెవి, తమిళం చెవి. అకారం ముందు ఆ మార్పు లేదు. కాబట్టి మూడింటిలోనూ కక్కు ఒకేలా ఉండటమే నియమం. ఓకరించుకు కన్నడంలో ఓకరికె, తమిళంలో ఓక్కాళం. వినడానికి గొంతు చప్పుడును అనుకరించినట్టుంటుంది. చప్పుడు మాటే అయినా మూడు భాషల్లో జంటలున్నాయి గనక దాన్ని తెలుగులో ఎవరో నిన్న కల్పించారని చెప్పడానికి వీల్లేదు.

క్రక్కు దగ్గర చాలామంది జారుతారు. క్రింద కింద అయింది, ప్రొద్దు పొద్దు అయింది, అలాగే క్రక్కు కక్కు అయిందంటారు. వినడానికి బాగుంది. కానీ క్రిందకు తమిళం జంట కీఴ్, ప్రొద్దుకు పొఴుదు. ఆ ‘ఴ’ అక్షరమే తెలుగులో ముందుకు జరిగి క్రావడి అయింది. కక్కుకు తమిళంలోనూ కన్నడంలోనూ అలాంటి అక్షరం ఏదీ లేదు. అందువల్ల గ్రాంథికంలో ఉంది కాబట్టి క్రక్కే పాతది అని రాయకండి. రెండు రూపాలూ ఉన్నాయని రాసి, జంటల్లో రేఫ లేదన్న సంగతి పక్కన పెట్టండి.

మోసం చేసే పోలికలు

పాతతరం మరుగుదొడ్డిని కక్కసు అనేది. కక్కుకూ దీనికీ ముడిపెట్టడం చాలా తేలిక, పూర్తిగా తప్పు. కక్కసు డచ్చి మాట ‘కక్‌హుయిస్’, మలానికి వెళ్ళే ఇల్లు అని అర్థం. అయితే పాలకొల్లులోనూ కాకినాడ జగన్నాథపురంలోనూ డచ్చివాళ్ళ స్థావరాలు ఉండేవి కదా అని, ఆ మాట అక్కడే దిగిందని రాసేయకూడదు. తమిళంలో కక్కూసు ఉంది, సింహళంలో కక్కుస్సి ఉంది. మాట ఏ రేవులో దిగిందో చెప్పాలంటే కాగితం సాక్ష్యం కావాలి.

రెండోది ఢోకా. ‘దానికేం ఢోకా లేదు’ అన్నది హిందీ ధోఖా, మోసం అనే అర్థం నుంచి ప్రమాదం అనే అర్థానికి వచ్చింది. పలకడంలో చాలామంది డోకా అనేస్తారు, రాయడంలో ఒత్తు పోతుంది, అక్కడి నుంచి డోకుతో కలిపేస్తారు. చివరి అచ్చు చూస్తే చాలు: ఒకటి ఉకారాంతం, క్రియగా కూడా నడుస్తుంది. మరొకటి ఆకారాంతం, నామవాచకంగా మాత్రమే ఉంటుంది. కక్కుర్తికి కూడా కక్కు నుంచి కథలల్లుతారు. కక్కి తినేవాడి బుద్ధి అట. ‘ఉర్తి’ అంటే ఏమిటో, మరే మాటలో అది వచ్చిందో ఆ కథ చెప్పలేదు. మాటలో సగానికే లెక్క చెప్పే వ్యుత్పత్తిని ఎప్పుడూ ఒప్పుకోకండి.

ఆరోపం రాయడం

అన్నీ తేలాక నిఘంటువు ఆరోపం, అంటే ఒక మాట కింద రాసే వివరణ, ఇలా ఉండాలి.

కక్కు: సకర్మక క్రియ. 1. మింగినదాన్ని నోటి గుండా బయటికి తెచ్చు. పసిపిల్లలకు, జంతువులకు సహజం, పెద్దలకు మోటు. “పాలు కక్కేసేడండి.” 2. లోపలిదాన్ని పైకి చిమ్ము: నిప్పులు, విషం, నురగ. 3. (-ఇంచు చేరి) దాచినదాన్ని, కాజేసినదాన్ని బలవంతాన బయటపెట్టించు. నామవాచకంగా: “కక్కొచ్చినా కల్యాణమొచ్చినా ఆగదు.” గ్రాంథికం: క్రక్కు. ఎదురు మాట: మింగు. ద్రావిడం: తమిళం కక్కు, కన్నడం కక్కు.

వాంతి: నామవాచకం, బహువచనం వాంతులు. జబ్బు వల్ల కడుపులోది నోటి గుండా రావడం, మర్యాద మాట. అవు, చేసుకొను, వచ్చు అనే క్రియలతో. “నాన్నగారికి వాంతయ్యిందండి.” సంస్కృతం: వమ్ + తి. సమాసం: వాంతిభేది (కలరా).

అర్థాలకు వరస సంఖ్యలిచ్చేటప్పుడు ఊళ్ళో ఎక్కువమంది చెప్పినది ముందు, అలంకారికం తరవాత. ప్రతి అర్థానికీ చీటీలోని వాక్యమే ఉదాహరణగా ఇవ్వండి, కూర్చుని కల్పించకండి. సామెతలోనే నిలిచిన వాడుకను విడిగా చూపించండి. ‘కక్కొచ్చినా’ అన్న నామవాచక వాడుక సామెత బయట మీ ఊళ్ళో ఎవరైనా అన్నారేమో చీటీల్లో మళ్ళీ చూసి, ఉంటే ఊరి పేరుతో చేర్చండి. డోకు ఆరోపంలో రెండు అర్థాలూ వేరుచేసి, పుట్టుక చోట ‘దేశ్యం’ అని రాసి అక్కడితో ఆపండి. ఖాళీని నింపడానికి డు, కు అని విరిచి అర్థాలు పుట్టించవద్దు.

రాసిన ఆరోపాన్ని, చీటీలు ఇవ్వని ఇంకో ఊళ్ళో ఇద్దరు ముగ్గురికి చదివి వినిపించండి. అర్థాన్ని కాదు, ఉదాహరణ వాక్యాన్ని వినిపించాలి. “అలా అనం” అన్నారంటే వాక్యం ఏ ఊరిదో ఆ ఊరి పేరు దాని పక్కన చేర్చండి, వాక్యాన్ని మాత్రం కొట్టేయకండి.